మర్యాద ఒకరికి, అధికారం ఒకరికి

చెంగలరాయ రెడ్డిగారిని తలుచుకునే సందర్భం కనక ఉపోద్ఘాతం లేకుండా ఆయన కథతోనే మొదలుపెడతాను. 1947 అక్టోబరు 25న మైసూరు సంస్థానంలో తొలి ప్రజా మంత్రివర్గం ఏర్పడింది. ముఖ్యమంత్రి మన కోలారు జిల్లా క్యాసంబళ్లి మనిషి, కె. చెంగలరాయ రెడ్డి. తొమ్మిది మంది మంత్రుల్లో ఆరుగురు కాంగ్రెస్‌వాళ్లు, ముగ్గురు బయటివాళ్లు. మహారాజు జయచామరాజ ఒడయార్ సింహాసనం మీదే ఉన్నారు. అంతకు రెండు నెలల కిందట రెడ్డిగారిని జైల్లో పెట్టిన ప్రభుత్వానికి పెద్ద, దివాన్ ఆర్కాటు రామస్వామి మొదలియార్. ఆయనా తన కుర్చీలోనే ఉన్నారు. పోరాడినవాళ్లు దివాన్‌గిరీ పోవాలన్నారు, అది పోలేదు. దివాన్ పరిపాలన తన చేతిలోనే ఉండాలనుకున్నారు, అదీ ఉండలేదు. ఆనాడు కుదిరిన రాజీని చూసి రెండు వైపులా సణుక్కున్నవాళ్లు ఉన్నారు. అయినా అది నిలిచింది. తొమ్మిదేళ్ల ముందు, 1938లో, అదే సంస్థానంలో కుదిరిన రాజీ మాత్రం రెండేళ్లు కూడా నిలవలేదు. ఈ తేడా ఎందుకు వచ్చిందన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్న విషయం.

ప్రజలకు జవాబు చెప్పనక్కరలేని పాలకుడికీ ప్రజలు పంపిన సభకూ తగవు వచ్చినప్పుడు, ఆ తగవులో రెండు సరుకులు ఉంటాయి. ఒకటి అధికారం: డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎవరిని నియమించాలి, ఏది చట్టం కావాలి అనేది. రెండోది మర్యాద: ఎవరు ముందు నడవాలి, ఎవరి పేరు మీద ఉత్తర్వు వెళ్లాలి, ఎవరి జెండా ఎగరాలి అనేది. అధికారం సభకూ మర్యాద పాలకుడికీ పంచిన రాజీలు నిలుస్తాయని, మర్యాద సభకు ఇచ్చి అధికారం పాలకుడే ఉంచుకున్న రాజీలు కూలుతాయని నా వాదన. ఇది తర్కంతో తేలే సంగతి కాదు, జరిగినదాన్ని చూసే తేల్చుకోవాలి.

మైసూరు చాలా విషయాల్లో తక్కిన సంస్థానాలకంటే ముందుండేది. దివాన్ రంగాచార్లు హయాంలో 1881లోనే ప్రజాప్రతినిధి సభ మొదలైంది, తొలి సమావేశానికి 144 మంది వచ్చారు. భారతదేశంలో ఏ సంస్థానంలోనూ అప్పటికి అలాంటి సభ లేదు. 1907లో శాసన పరిషత్తు కూడా వచ్చింది. దసరా రోజుల్లో రైతులు, వర్తకులు, వకీళ్లు మైసూరు చేరి చెరువు పూడికల గురించి, పన్నుల గురించి దివాన్ ఎదుట చెప్పుకునేవారు. దివాన్ వినేవాడు, కొన్నిటికి సరేననేవాడు. అయితే ఆ సభకు చాలాకాలం దివానే అధ్యక్షుడు. ఎవరి మీద ఫిర్యాదో వారే పీఠం మీద కూర్చుని ఫిర్యాదు వినే పద్ధతి అది. మీర్జా ఇస్మాయిల్ లాంటి సమర్థుడు, సంస్కారవంతుడు 1926 నుంచి 1941 దాకా ఆ పీఠం మీద ఉన్నాడు కనక లోపం కొంతకాలం కప్పబడింది. మంచి దివాన్ ఉన్నంతకాలం మంచి సభ అవసరం లేదనే భ్రమ చదువుకున్నవాళ్లలోనూ ఉండేది. రెడ్డిగారూ ఆయన తోటివాళ్లూ 1930లో ప్రజాపక్షం పెట్టి, తర్వాత ఇతర పక్షాలతో కలిసి, 1937లో కాంగ్రెస్‌లో చేరి అడిగింది ఒక్కటే. సభకు జవాబు చెప్పే మంత్రివర్గం కావాలి అని. బాధ్యతాయుత ప్రభుత్వం అని అప్పట్లో దాన్ని పిలిచేవారు.

1938 ఏప్రిల్‌లో ఆ అడగడం జెండా దగ్గర తగవైంది. కాంగ్రెస్ జెండా ఎగరేయకూడదని సర్కారు నిషేధించింది. మద్దూరు దగ్గర శివపురంలో సత్యాగ్రహులు జెండా ఎగరేసి జైలుకు వెళ్లారు. అదే నెల 25న, అప్పటి మన కోలారు జిల్లాలోనే ఉన్న విదురాశ్వత్థంలో, పినాకిని ఒడ్డున ఆ పాత రావిచెట్టు దగ్గర జాతరకొచ్చిన జనం మధ్య జెండా సభ జరిగింది. పోలీసులు కాల్చారు. చచ్చినవాళ్లు పదిమంది అని సర్కారు లెక్క, ముప్పైకి పైనే అని జనం లెక్క. హిందూపురం నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ వార్త సరిహద్దుకు రెండు వైపులా ఒకేసారి పాకింది. విచారణకు వేసిన సంఘానికి పెద్ద మద్రాసు హైకోర్టు మాజీ జడ్జి, తెలుగువాడు, వేపా రామేశం. గాంధీగారు సర్దార్ పటేల్‌నూ ఆచార్య కృపలానీనీ పంపారు. వాళ్లు మీర్జాతో మాట్లాడి ఒక ఒప్పందానికి వచ్చారు.

ఆ ఒప్పందంలో ఏముందో దగ్గరగా చూడండి. మైసూరు కాంగ్రెస్‌ను సర్కారు గుర్తిస్తుంది. సంస్థానం జెండాతో పాటు కాంగ్రెస్ జెండా కూడా ఎగరవచ్చు. ఖైదీలను వదిలేస్తారు. రాజ్యాంగ సంస్కరణల మీద అప్పటికే కూర్చున్న శ్రీనివాస అయ్యంగార్ సంఘంలో కాంగ్రెస్‌వాళ్లకూ చోటిస్తారు. రెండు జెండాలు పక్కపక్కనే ఎగరడం ఆనాటివారికి చిన్న విషయం కాదు. పదిమంది రక్తం పోసి తెచ్చుకున్నది అది. కాని ఆ నాలుగు షరతుల్లో ఖజానా తాళంచెవి ఎక్కడా లేదు. మంత్రులను తీసే హక్కు సభకు రాలేదు. సంఘం సిఫారసు చేయవచ్చు, దాన్ని ఒప్పుకోవాలో వద్దో చెప్పేది మళ్లీ దివానే. సంఘం నివేదిక వచ్చింది, సర్కారు బాధ్యతాయుత ప్రభుత్వం కుదరదంది, 1939లోనే మళ్లీ సత్యాగ్రహం మొదలైంది. 1940లో చేసిన చట్టం సభలను పెద్దవి చేసిందే తప్ప పెత్తనాన్ని కదిలించలేదు. ఆ ఒప్పందం కూలడానికి మీర్జా మోసం కారణం కాదు. ఆయన మాటిచ్చినవి చాలావరకు చేశాడు. మాటిచ్చిన సరుకే తప్పు సరుకు.

1947 నాటికి ఆ పాఠం రెడ్డిగారికి బాగా వంటబట్టినట్టుంది. ఆగస్టు 9న మహారాజు భారతదేశంలో చేరికకు ఒప్పుకున్నారు. కాని సంస్థానం లోపల ఏమీ మారలేదు. సెప్టెంబరు 1న ‘మైసూరు చలో’ మొదలైంది. నాయకులను మొదట్లోనే అరెస్టు చేశారు. మద్రాసు, బొంబాయి రాష్ట్రాల సరిహద్దు ఊళ్లలో శిబిరాలు వెలిశాయి, అక్కడి నుంచి జట్లు సంస్థానంలోకి వచ్చి శానుభోగుల దస్తరాల మీదా కచేరీల మీదా పడ్డాయి. మైసూరు పట్నంలో రామస్వామి అనే విద్యార్థి తుపాకీ గుండుకు బలయ్యాడు, ఆ కూడలికి నేటికీ ఆయన పేరే. అక్టోబరు రెండో వారానికి దివాన్ రాజీకి వచ్చారు.

అవతల కూర్చున్న మొదలియార్ సామాన్యుడు కాదు. కర్నూలులో పుట్టి, అక్కడే బడి చదువు చదువుకుని, జస్టిస్ పార్టీ నాయకుడిగా పేరు తెచ్చుకుని, 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలికి తొలి అధ్యక్షుడైన మనిషి. ఇటు క్యాసంబళ్లి, అటు కర్నూలు. మైసూరు భవితవ్యం మీద బేరమాడిన ఇద్దరూ తెలుగు నేల నీళ్లు తాగినవాళ్లే కావడం చరిత్రకారులు పెద్దగా పట్టించుకోని చిన్న ముచ్చట. ఆ బేరంలో మంత్రివర్గం నిజమైన మంత్రివర్గమైంది. కాంగ్రెస్‌కు అందులో మెజారిటీ వచ్చింది, ముఖ్యమంత్రి ఎవరో కాంగ్రెసే చెప్పుకుంది. బదులుగా దివాన్ పదవి ఉండిపోయింది, మహారాజుకూ మంత్రివర్గానికీ మధ్య మనిషిగా. ముగ్గురు బయటివాళ్లు మంత్రులయ్యారు. సింహాసనం, దసరా అంబారీ, రాజముద్ర అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. రెండేళ్ల తర్వాత 1949 నవంబరులో మొదలియార్ దిగిపోయినప్పుడు ఎవరూ ఆయన్ను దించలేదు. చేయడానికి అక్కడ పనేమీ మిగల్లేదు, అంతే. అదే నెల మహారాజు భారత రాజ్యాంగాన్ని సంస్థానానికి వర్తింపజేశారు. 1950లో రాజప్రముఖ్ అయ్యారు, 1956లో కొత్త మైసూరు రాష్ట్రానికి తొలి గవర్నర్ అయ్యారు. మర్యాద దక్కినవాడు అల్లరి చేయలేదు. పైగా ఆ మర్యాదను కొత్త వ్యవస్థకు అరువిచ్చాడు. మరోపక్క హైదరాబాదులో నిజాంతో కుదిరిన యథాతథ ఒప్పందం ఏమయిందో మీకు తెలుసు. 1948 సెప్టెంబరులో సైన్యం వెళ్లవలసి వచ్చింది. ఆ వ్యవహారంలో భద్రతామండలి ఎదుట భారతదేశం తరఫున మాట్లాడిందీ ఈ మొదలియారే.

నా వాదనకు మొదటి ఆక్షేపణ బలమైనదే. 1947లో జరిగింది రాజీ ఎలా అవుతుంది, లొంగుబాటు కదా అంటారు. వెనక ఢిల్లీ ఉంది, సంస్థానాల శాఖ పటేల్ చేతిలో ఉంది, బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయారు, ఇక మహారాజుకు వేరే దారి ఏముంది? బలాబలాలు మారాయన్నది నిజం. 1938లో మీర్జా వెనక బ్రిటిష్ రెసిడెంటు ఉన్నాడు, 1947లో మొదలియార్ వెనక ఎవరూ లేరు. కాని బలం ఉన్నవాడు ఏం అడిగాడన్నది కూడా చూడాలి. అన్నీ అడగగలిగిన స్థితిలో రెడ్డిగారు అన్నీ అడగలేదు. దివాన్‌ను అవమానించి పంపాలనే కోరిక కార్యకర్తల్లో గట్టిగానే ఉంది. దాన్ని తీర్చి ఉంటే ఆరు వారాల పోరాటం ఆరు నెలలు సాగేది. గెలుపు ఖాయమైనప్పుడు ఓడేవాడికి ఎంత వదలాలో తెలిసినవాడు అరుదు. మన పల్లెల్లో పొలం గట్టు పంచాయితీ తీర్చే పెద్దమనిషి, నేల ఎవరిదో ఖచ్చితంగా తేల్చి, గట్టు మీది చింతచెట్టు కాయ మాత్రం ఓడినవాడికి వదిలేస్తాడు. ఆ కాయల విలువెంత అని ఎవరూ అడగరు.

రెండో ఆక్షేపణ దీనికి తిరగబడ్డ రూపం. రాజీ అంటేనే ద్రోహం, విదురాశ్వత్థంలో పడినవాళ్లు ముగ్గురు బయటి మంత్రుల కోసం పడ్డారా అని. ఈ కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చచ్చిపోయినవాళ్లు బేరమాడలేరు, వాళ్ల పేరున బేరమాడేవాడు జాగ్రత్తగా ఉండాలి. అయితే పాలకుడికి మర్యాద వదలడం ప్రజలకు ఖర్చులేని పని అని కూడా నేను అనను. ఖర్చు ఉంది. దివాన్ కొనసాగినంతకాలం కొత్త మంత్రులు ఆయనతో వేగవలసి వచ్చింది, సర్దుబాటు మంత్రివర్గం సర్దుబాట్లలోనే కొంత శక్తిని పోగొట్టుకుంది. 1952 ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి కుర్చీ కెంగల్ హనుమంతయ్యకు దక్కింది, రెడ్డిగారికి కాదు. రాజీ చేసినవాడు దాని ఫలాన్ని పూర్తిగా తినలేదు. కాని ఆ కుర్చీ చేతులు మారింది ఎన్నికల తర్వాత, సభలో. దివాన్ ఉత్తర్వుతో కాదు. 1938లో మనం అడిగింది అదే.

పాలకుడు కూడా ప్రజల ఓటుతోనే వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? నా వాదన అక్కడ బలహీనపడుతుంది, ఒప్పుకోవాలి. అమెరికా అధ్యక్షుడిదీ అక్కడి కాంగ్రెస్‌దీ వేర్వేరు ఓటు, ఇద్దరికీ నిజమైన అధికారం ఉంది. ఒకరికి మర్యాద ఇచ్చి సరిపెడతామంటే కుదరదు. 1995 డిసెంబరు 16 నుంచి 1996 జనవరి మొదటి వారం దాకా, క్లింటన్ అధ్యక్షుడిగా, గింగ్రిచ్ స్పీకర్‌గా ఉండగా, బడ్జెట్ మీద పంతాలకు పోయి 21 రోజులు అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. 2018 డిసెంబరులో మొదలైనది 35 రోజులు సాగింది. అయితే ఆ 1995 తగవులోనూ మర్యాద పాత్ర లేకపోలేదు. ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ అంత్యక్రియల నుంచి వస్తూ అధ్యక్షుడి విమానంలో తనను వెనక తలుపు నుంచి దించారని, అందుకే తన బిల్లు ఇంకా కఠినమైందని గింగ్రిచ్ విలేకరుల ముందు అనేశాడు. మరుసటి రోజు పత్రికలు ఆయన్ను ఉతికి ఆరేశాయి. వెనక తలుపు కథ అంత పెద్ద దేశపు బడ్జెట్ మీద పడుతుందంటే, మర్యాద పనికిమాలిన సరుకు అనేవాళ్లు కొంచెం ఆలోచించాలి. ఫ్రాన్సువాళ్లు దీన్ని ఇంకా నేర్పుగా నడిపారు. 1986లో సోషలిస్టు అధ్యక్షుడు మిత్తెరాఁకూ ఎదుటిపక్షం మెజారిటీతో ప్రధాని అయిన షిరాక్‌కూ ప్రైవేటీకరణ ఆర్డినెన్సుల దగ్గర పేచీ వచ్చింది. సంతకం పెట్టనని అధ్యక్షుడు జులై 14న బాహాటంగా చెప్పాడు. షిరాక్ అదే విషయాన్ని పార్లమెంటు ద్వారా చట్టంగా తెచ్చుకున్నాడు. తన సంతకం లేకుండా ఆర్డినెన్సు పోయిందన్న తృప్తి ఒకరిది, పని జరిగిందన్నది ఇంకొకరిది.

మన దేశంలో ఈ తగవు గవర్నర్ల రూపంలో బతికి ఉంది. గవర్నర్‌ను ఎవరూ ఎన్నుకోరు కనక పాత దివాన్‌కు అతడే దగ్గరి చుట్టం. 2023 జనవరిలో తెలంగాణలో జరిగింది నాకు పాఠ్యపుస్తకంలా కనిపిస్తుంది. అంతకు ముందు ఏడాది బడ్జెట్ సమావేశాలను కేసీఆర్ ప్రభుత్వం గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ ప్రసంగం లేకుండానే నడిపింది, పాత సమావేశాల కొనసాగింపే అని సమాధానం చెప్పుకుంది. మళ్లీ బడ్జెట్ వచ్చేసరికి సభలో పెట్టడానికి గవర్నర్ ఆమోదం రాలేదు. ప్రభుత్వం జనవరి 30న హైకోర్టులో లంచ్ మోషన్ వేసింది. తీర్పు ఇవ్వడం కంటే కూర్చుని మాట్లాడుకోండని ధర్మాసనం సూచించింది. మధ్యాహ్నానికల్లా రెండు వైపుల వకీళ్లు ఒక మాటకు వచ్చారు. గవర్నర్ ప్రసంగం ఉంటుంది, బడ్జెట్‌కు అనుమతి ఉంటుంది. ఫిబ్రవరి 3న ఆమె ఉభయసభల ఎదుట ప్రసంగించారు, ప్రభుత్వం రాసిచ్చిన ప్రసంగమే. 6న బడ్జెట్ సభ ముందుకొచ్చింది. మర్యాద అటు, ఖజానా ఇటు. అరపూటలో తేలింది.

అయితే ఆ అరపూట ఒప్పందంలో లేనిదేమిటో కూడా చూడండి. అప్పటికే రాజ్‌భవన్‌లో ఆగిపోయిన బిల్లుల ఊసు అందులో లేదు. సభ ఆమోదించిన బిల్లు మీద సంతకం మర్యాద కిందికి వస్తుందా, అధికారం కిందికి వస్తుందా అనేది అసలు పేచీ. మర్యాద అని ప్రభుత్వం అంటుంది, కాదు అధికారమే అని గవర్నర్ అనుకుంటారు. అందుకే మార్చిలో తెలంగాణ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏప్రిల్ 24న కోర్టు ‘వీలైనంత త్వరగా’ అని రాజ్యాంగం అన్న మాటను గుర్తుపెట్టుకోవాలంటూ కేసు ముగించింది. తర్వాత తమిళనాడు తగవు మీద వచ్చిన తీర్పు, దానిమీద రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలు, 2025 నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల అభిప్రాయం అన్నీ ఇదే ముడి చుట్టూ తిరిగాయి. గవర్నర్‌కు గడువులు విధించలేమని ఆ అభిప్రాయం. మరీ అకారణంగా, అంతులేకుండా ఆపితే పరిమితంగా కలగజేసుకోవచ్చని కూడా. చట్టం తేల్చని చోట రాజీ మిగులుతుంది, రాజీకి తేలని సరుకు ఇదే.

ఇక్కడే ఒక హద్దు కూడా గీయాలి. సభలో ఎవరికి మెజారిటీ ఉంది అనే ప్రశ్న మీద రాజీ పనికిరాదు, లెక్కపెట్టడమే పనికొస్తుంది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్, గుండె ఆపరేషన్ చేయించుకుని రెండు రోజుల కిందటే అమెరికా నుంచి తిరిగొచ్చిన ఎన్టీఆర్‌ను తీసేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. శాసనసభ్యులను లెక్కపెట్టుకోండని ఎన్టీఆర్ రాజ్‌భవన్ ముందుకే తెచ్చినా వినలేదు. ఆ తర్వాతి రోజుల్లో ఆ సభ్యుల్లో చాలామంది మన పక్కనే బెంగళూరులో, నందికొండ మీద గడిపారు. శంకర్‌దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చాక సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. అయిదేళ్లకు కర్ణాటకలో ఇదే నడిచింది. గవర్నర్ పెండేకంటి వెంకటసుబ్బయ్య, ఆయనదీ అప్పటి కర్నూలు జిల్లానే, సభ్యులు సంతకాలు చేసిన ఉత్తరాలు చూసి ముఖ్యమంత్రి బొమ్మై ప్రభుత్వానికి మెజారిటీ పోయిందని రాశారు. మర్నాడే వారిలో కొందరు మాట మార్చుకున్నారు. సభ పిలవండి, అక్కడే తేల్చుకుంటాను అని బొమ్మై అడిగినా 1989 ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన వచ్చేసింది. మెజారిటీని సభలోనే పరీక్షించాలని 1994 మార్చి 11న తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పేసరికి బొమ్మై పదవీకాలం ఎప్పుడో అయిపోయింది. ఆ రెండు సందర్భాల్లోనూ గవర్నర్లు మర్యాదపీఠం మీద కూర్చుని లెక్కపెట్టే అధికారాన్ని కూడా చేతిలోకి తీసుకున్నారు.

రెడ్డిగారికి కూడా ఈ పరీక్ష ఎదురైంది, అది చెప్పకపోతే ఈ ఉపన్యాసం పొగడ్తగా మిగులుతుంది. ఆయన తర్వాత కేంద్రంలో మంత్రి అయ్యారు, 1965లో మధ్యప్రదేశ్ గవర్నర్ అయ్యారు. దివాన్‌తో బేరమాడిన మనిషి ఇప్పుడు భోపాల్ రాజ్‌భవన్‌లో, బేరానికి అవతలి వైపున. 1967 జులైలో అక్కడి కాంగ్రెస్ చీలింది. ముప్పైకి పైగా సభ్యులు గోవింద్ నారాయణ్ సింగ్ వెంట నడిచారు. బడ్జెట్ పద్దుల మీద చర్చ నడుస్తుండగానే ముఖ్యమంత్రి ద్వారకాప్రసాద్ మిశ్రా సలహా మీద రెడ్డిగారు సమావేశాలను ముగించేశారు. మిశ్రాకు ఊపిరి పీల్చుకునే గడువు దొరికిందని, గవర్నర్ సభ నోరు మూశారని అప్పుడే విమర్శ వచ్చింది. మంత్రివర్గం సలహా వినడం గవర్నర్ విధి కదా అనేవాళ్లకు ఒక సమాధానం ఉంది: ఆ మంత్రివర్గానికి సభ ఉందా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు ఆ సలహాకు అంత బరువు ఉండదు. నా ఉద్దేశంలో ఆ రోజు ఆయన 1947 నాటి తన పాఠాన్ని మరిచారు. కాని నెల గడవకముందే సభ మళ్లీ కూడింది, ఓటింగులో మిశ్రా ప్రభుత్వం ఓడింది. జులై 30న ఆ ఓడించినవారి నాయకుడితోనే రెడ్డిగారు ప్రమాణం చేయించారు.